మోటారు మీరే వేసుకోండి

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేమీ కాదు, నేను కొత్తగా నల్లకోటు తొడుక్కుని గురజాల కోర్టులో మా సీనియరు గారి వెనక ఫైళ్ళు మోస్తున్న రోజుల్లో, మా వైపు ఊళ్ళలో ఫోన్లు మాట్లాడటానికి కన్నా ఎదుటివాడు నోరు జారిన మాట దాచిపెట్టడానికే ఎక్కువగా వాడేవారు. ఫోన్ల కొట్టు కుర్రాడు అడిగినా అడక్కపోయినా ప్రతి ఫోను కాలూ దానంతటదే రికార్డయ్యేలా చేసి మరీ అమ్మేవాడు. ఎన్నికల సంగతి సరే, గట్టు తగాదా వచ్చినా, పెళ్ళిలో వడ్డన దగ్గర మాట తేడా వచ్చినా ‘నా దగ్గర రికార్డుంది’ అనే బెదిరింపు ముందు వినపడేది. నా కోటు భుజాల దగ్గర వదులుగా వేలాడేది (‘ముందు ముందు ఒళ్ళు చేస్తావులే’ అని అమ్మ అలా కుట్టించింది, ఆవిడ మాట పొల్లుపోలేదు). కోటు ఎంత వదులో, లోపల నా గర్వం అంత బిగుతు. చట్టమంతా నాకే తెలుసనుకునేవాణ్ణి.

అలాంటి రోజున మా చిన్న మామయ్య, అమ్మకు తమ్ముడు, ఫోను తువ్వాల్లో చుట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. పెద్ద మామయ్యకూ ఆయనకూ పొలాలు పక్కపక్కనే, మధ్యలో ఒకే బోరు. ఒకరోజు ఈయన మిరపకి, ఒకరోజు ఆయన మిరపకి. చిన్న మామయ్య వంతు రోజున పెద్ద మామయ్య మోటారు తిప్పుకున్నాడు. ఫోనులో అడిగితే తిట్టాడు. అది మామూలే. పెద్ద మామయ్య తిట్టకుండా తమ్ముడితో మాట్లాడింది ఎవరూ ఎరగరు. ‘ఒరేయ్ చిన్నోడా’ అని మొదలుపెట్టి, తిట్టాల్సినంతా తిట్టి, ‘అన్నం తిన్నావా’ అని ముగించడం ఆయన పద్ధతి. ఈసారి మాత్రం తిట్లు రికార్డయ్యాయి.

“ఇది పెద్దమనుషుల్లో పెడతన్నా అల్లుడూ. చెల్లుద్దా?”

నేను గొంతు సవరించుకున్నాను. ఇతరుల కాలు దొంగచాటుగా వినడం నేరమనీ, మన కాలు మనమే రికార్డు చేసుకోవడం వేరనీ, దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని కొన్ని కోర్టులంటే, ఎదుటివాడికీ ఒక గుట్టుంటుంది, అది మన్నించాలని కొన్ని అన్నాయనీ, రికార్డు చేసిన అసలు ఫోనూ దానికో సర్టిఫికెట్టూ కావాలనీ ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

“ఇంతకీ చెల్లుద్దా, చెల్లదా?”

“అది సందర్భాన్ని బట్టి ఉంటుంది మామయ్యా.”

“మా పశువుల డాక్టరు కూడా ఇట్టాగే అంటాడు,” అన్నాడు నిరాశగా.

మా సీనియరు గారు పేపరు వెనకనుంచే అన్నారు. “కోర్టులో చెల్లుతుందో లేదో మేం చెబుతామయ్యా. అన్న మాట నలుగురికీ వినిపించాలా వద్దా అన్నది మాత్రం నువ్వే తేల్చుకోవాలి.” మామయ్య ఆ మాట విననే లేదు. తీర్పు తనకే వచ్చినట్టు ఫోను మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నాడు.

ఆ ఆదివారం మా అమ్మ పుట్టిన ఊళ్ళో, పాలకేంద్రం అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. నేనూ వెళ్ళాను (కోటు వేసుకునే వెళ్ళాను, ఎండాకాలం). చిన్న మామయ్య ఫోను పాలక్యాను మూత మీద పెట్టి రికార్డు వేశాడు. పెద్ద మామయ్య గొంతు అరుగంతా మోగింది. “నీ తోట ఎండితే నాకేందిరా, నీ మొహం మండ!” జనం ‘అబ్బో’ అన్నారు. చిన్న మామయ్య మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత తామేం మాట్లాడుకున్నారో ఆయనకి గుర్తే లేదు. ఎన్నిసార్లు విన్నా ఆ ముక్క వరకే విని కట్టేసేవాడట. ఇప్పుడు కట్టేయడం మరిచాడు. ఫోను సాగింది.

“పెద్దమనుషుల్లో పెట్టుకో పోరా. ఆ మీసాలాయనకి ఒక కాఫీ పోయిస్తే ఎటంటే అటు చెప్తాడు.”

దానికి జవాబుగా చిన్న మామయ్య గొంతు, స్పష్టంగా. “కాఫీ దేనికన్నా, చుట్ట చాలు!”

ఆ తర్వాత ఇద్దరూ విరగబడి నవ్వుకున్న నవ్వు. పాపం, పెద్దమనుషుల మధ్యలో కూర్చున్న మీసాలాయన అప్పుడు చుట్టే కాలుస్తున్నాడు. జనం నవ్వలేక, ఆపుకోలేక చచ్చారు. నేను వకీలునని మరిచి పగలబడి నవ్వాను. పెద్ద మామయ్య మాత్రం నవ్వలేదు. ఆయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అరుస్తాడనుకున్నాం. అరవలేదు.

“చిన్నోడా, నీతో మాట్లాడేటప్పుడు నీతోనే మాట్లాడుతున్నా అనుకున్నాన్రా. ఇంతమందితో మాట్లాడుతున్నానని నాకు తెలవదు.”

అంతే, వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి ఆయన ఫోను భాష మారిపోయింది. “అయ్యా, నమస్కారం. రేపు వంతు మీది. మోటారు మీరే వేసుకోండి. ఉంటాను.” ఊరంతా చెప్పుకుని నవ్వారు. నేను బార్ అసోసియేషను గదిలో ఆ గొంతు అనుకరించి టీలు సంపాదించాను. విచిత్రమేమిటంటే బోరు తగాదా దాంతో తీరిపోయింది. ఒక్కరోజు కూడా వంతు తప్పలేదు. తగాదా తీరాక చిన్న మామయ్యకి తిండి సయించలేదు. “నన్ను అయ్యా అంటన్నాడు అల్లుడూ. పరాయోడితో మాట్లాడినట్టు మాట్లాడతన్నాడు,” అనేవాడు. మరి రికార్డింగు తీసేయొచ్చు కదా అంటే, “ఉండనీ. ఎప్పుడన్నా నోరు జారి తిడతాడేమో,” అన్నాడు. అన్న తిట్టుకోసం కాచుక్కూర్చున్నాడు పిచ్చివాడు. ఎదురుగా వెళ్ళి తప్పయిందనడానికి మాత్రం మొహం చెల్లలేదు.

ఈలోగా ఫోన్లలో ఏదో మార్పొచ్చి, రికార్డింగు మొదలవగానే ఒక ఆడగొంతు ఆ సంగతి ఇద్దరికీ చెప్పడం మొదలుపెట్టింది. న్యాయంగా చూస్తే మంచి పద్ధతే. నేనే అందరికీ మెచ్చుకుంటూ చెప్పాను.

మిరప కోతల్లో పెద్ద మామయ్యకి గుండెలో నొప్పొచ్చి నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చారు. ఎవరికీ చెప్పొద్దన్నాడట. చిన్న మామయ్య పొలంలో ఉండగా అన్న దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కూలీల గోలలో మొదటి మాట వినపడలేదు. మళ్ళీ అదే, అయ్యా నమస్కారం, మేము క్షేమం, ఈ వారమంతా మోటారు మీరే వేసుకోండి, ఉంటాను. వారమంతా నీళ్ళొస్తాయని ఈయన సంబరపడి మోటారు వేశాడు. ఆ వారం దాటకుండానే పెద్ద మామయ్య పోయాడు.

పెద్దకర్మ నాడు పెద్దత్తయ్య చిన్న మామయ్యకు విస్తరి వేస్తూ చెప్పింది. “నిన్ను రమ్మందామనే ఫోను చేశాడు నాయనా. భయంగా ఉంది, చిన్నోణ్ణి చూడాలే అన్నాడు. ఆ ఆడమనిషి మాట వినపడంగానే మాట మార్చేశాడు.” చిన్న మామయ్య కలిపిన ముద్ద అలాగే వదిలేసి లేచిపోయాడు. ఆయన ఏడుపు ఆ వీధి చివరిదాకా వినపడింది. నాకూ ఏడుపొచ్చింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది.

ఇప్పుడు నాకు కోటు సరిపోయింది. ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు, ‘చెల్లుద్దా సారూ’ అంటూ. మొగుడి మాట పెళ్ళాం, పెళ్ళాం మాట మొగుడు. చట్టం చెప్పేముందు మా సీనియరు గారి మాట చెబుతాను, అప్పటి మామయ్యలాగే, నాలాగే వాళ్ళూ వినరు.

మొన్న చిన్న మామయ్యని చూడటానికి వెళ్ళాను. రికార్డింగు ఎప్పుడో తీయించేశాడు. ఎవరు ఫోను చేసినా ముందు “రికార్డు లేదు, ఏదైనా అనండి” అంటాడు (ఊళ్ళో కుర్రాళ్ళు నిజంగానే అంటున్నారు కూడా). ఆ ఒక్క కాలు మాత్రం దాచుకున్నాడు. నాకు వినిపించాడు. ఆడగొంతు మొదలవడానికి ముందు, ఒక్క క్షణం, పెద్ద మామయ్య ఆయాసపడుతూ, “ఒరేయ్ చిన్నోడా...”

అక్కడే ఆపేశాడు. మళ్ళీ మొదటికి తిప్పాడు. ఆ తర్వాత ముక్క ఎప్పుడూ వినడట.

“ఇది నలుగురికీ వినిపించేది కాదు అల్లుడూ,” అన్నాడు. “నీకంటే వినిపించాలనిపించింది. చెల్లుద్దిగా?”

వదులు కోటు వేసుకున్న ఆ కుర్ర వకీలైతే సందర్భాన్ని బట్టి ఉంటుందనేవాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. “చెల్లుతుంది మామయ్యా,” అన్నాను.