మంచుదేశం వెళ్ళిపోయిన మా నాన్న చక్రాలు

పోయిన వారం మా అమ్మాయి నా ఫోనుకి ఒక ఫొటో పంపింది. ఆఫీసు పని మీద జపాన్ ఉత్తరాన మంచు కురిసే ఊళ్ళో ఉంటోంది, అక్కడ ఒక కారు కూడా కొనుక్కుంది. చలికాలంలో మామూలు టైర్లు మంచు మీద జారతాయట, అందుకని వేరే టైర్లు వేసుకుంటారట. ఏటా విప్పడం, బిగించడం ఎందుకని, అదే కంపెనీ పాత మోడల్ కారు చక్రాలు నాలుగు చవగ్గా కొని, ఆ టైర్లు వాటికే ఎక్కించి ఉంచుకుంటారట. నన్ను సలహా అడిగితే, పాత మోడల్ చక్రాలు కొత్త మోడల్‌కి చచ్చినా పట్టవు, డబ్బు తగలెయ్యకు అని పెద్దరికంగా చెప్పాను. ఫొటోలో ఆ పాత చక్రాలే దాని కొత్త కారుకి దర్జాగా ఉన్నాయి. కింద మా సింగపూర్ యాసలో ‘లా’ తగిలించి ఒక ముక్క రాసింది: "సూపర్‌గా ఫిట్ అయ్యాయి లా నాన్నా. పట్టవని నీకెవరు చెప్పారు?"

ఎవరు చెప్పారంటే, మా బావ చెప్పాడు. మా అక్క మొగుడు. కార్ల విషయంలో ఆయన మాటంటే మా ఇంట్లో వేదం.

మా తరం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఈ సింగపూర్‌లో కారుకి పదేళ్ళు నిండాయంటే పర్మిట్ తీరిపోతుంది, దాని పని అయిపోయినట్టే. బావ వ్యాపారమంతా అలాంటి కార్ల మీదే. వాటి చక్రాలు ఊడదీయించి, శుభ్రం చేయించి, కంటైనర్లలో చలిదేశాలకి పంపేవాడు. అక్కడ వాటినేం చేసుకుంటారని నేనెప్పుడూ అడగలేదు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు గుమాస్తాని, టై కట్టుకుని వెళ్ళి టై కట్టుకుని వచ్చేవాణ్ణి, చక్రాల గొడవ నాకెందుకు?

నాన్న సెంబవాంగ్ ఓడల యార్డులో పనిచేసి రిటైరయ్యారు. చివరి రోజున తోటివాళ్ళు, అందులో మలయ్ వాళ్ళు, చైనా వాళ్ళు, మన వాళ్ళు, అందరూ కలిసి ఆయన కారుకి నాలుగు అల్యూమినియం చక్రాలు బహుమతిగా ఇచ్చి, వాళ్ళే వంగి బిగించి పంపారు. ఆయన మురిసిపోవడం ఏమని చెప్పను! ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ, కాఫీ కూడా తాగనివ్వకుండా, కిందికి తీసుకెళ్ళి చూపించేవారు. అమ్మ విసుక్కునేది, ఆ చక్రాలకి హారతి కూడా ఇమ్మంటారా అని.

ఆ కారుకి పదేళ్ళు నిండిన ఏడే నేను నా మొదటి కారు కొన్నాను, అదే కంపెనీది, కొత్త మోడల్. నాన్న జీవితంలో నన్ను ఏదైనా అడిగారంటే అప్పుడే అడిగారు. కారు పోతే పోయింది, ఆ నాలుగు చక్రాలూ నీ కారుకి వేసుకోరా, మా వాళ్ళ చేతి గుర్తు తిరుగుతూ ఉంటుంది అన్నారు. నేను సంతోషంగా సరేనన్నాను. చక్రాలు బావ షెడ్డుకి చేరాయి. వారం తర్వాత ఆదివారం మకాన్‌కి, అంటే భోజనానికి, అందరం కూర్చున్నప్పుడు బావ చల్లగా చెప్పాడు, కొత్త మోడల్‌కి బ్రేకులు పెద్దవి, పాత చక్రం లోపల రాసుకుంటుంది, ప్రమాదం, అందుకని తుక్కులో వేసేశానని. నాన్న ఒకసారి బావ మొహంలోకి చూశారు. "అల్లుడుగారు చెప్పాక ఇంకేముంది" అని అన్నంలో మజ్జిగ పోసుకున్నారు. అల్లుడి మాటకి మామగారు ఎదురు చెప్పడం మా ఇళ్ళల్లో లేదు, అది మర్యాద అనుకున్నాను. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నా కారు కంపెనీ చక్రాలనే ఆదివారం ఆదివారం కడిగేవారు, వద్దన్నా వినేవారు కాదు.

అమ్మాయి ఫొటో చూశాక నాకు అనుమానమేమీ రాలేదు, నిజం చెప్తున్నాను. బావని ఆటపట్టిద్దామని ఫోను జేబులో పెట్టుకుని రైలెక్కి టాంపినీస్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళాను. అక్క వంకాయ కూర వడ్డిస్తోంది. మీ శాస్త్రం తప్పింది బావా, చూడండి అని ఫొటో ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి జరిపి చూసి నవ్వాడు.

"ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా? నీ కారుకీ పట్టేవేనయ్యా మామగారి చక్రాలు. ఆ వేళ కంటైనర్ సీల్ చేస్తుంటే ఒక సెట్టు తక్కువైంది, అవతలివాడికి మాటిచ్చాను. ఎక్కించేశాను."

అక్క చేతిలో గరిటె ఆగింది. "ఇప్పుడెందుకండీ అవన్నీ" అంది. ఆ ఒక్క మాటతో దానికీ తెలుసని నాకు అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది. నాన్నని అంత మోసం చేస్తారా, ఆయన ఎంత బాధపడి ఉంటారో తెలుసా అని అరిచాను. బావ వంకాయ కూర కలుపుకోసాగాడు. అక్కే నెమ్మదిగా చెప్పింది.

"నాన్నకి ఆ రోజే తెలుసురా. యార్డులో అన్నేళ్ళు పనిచేసిన మనిషికి ఏది పడుతుందో ఏది పట్టదో తెలీదా? మర్నాడు వచ్చి ఈయన్ని అడిగారు, ఈయన ఒప్పేసుకున్నారు. నీకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. వాడికి ముక్కు మీద కోపం, తెలిస్తే మీ ఆయనతో తెగతెంపులు చేసుకుంటాడు, నీకు పుట్టిల్లు లేకుండా పోతుంది అన్నారు."

కంచంలో చెయ్యి కడిగేసుకుని వచ్చేశాను. అక్క లిఫ్టు దాకా వచ్చింది.

బావ చేసింది మోసమే, అందులో సందేహం లేదు. కానీ రైల్లో కూర్చుంటే ఆయన మీద కోపం ఎంతోసేపు నిలవలేదు, చక్రాలంటే ఆయనకి సరుకే కదా. నన్ను తొలిచేస్తున్నది వేరు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎన్ని పండగలకి కలిసి భోంచేశాం, ఆ ముగ్గురికీ తెలిసిన విషయం నా పక్కనే కూర్చుని నాకు తెలియకుండా నవ్వింది. ఇల్లు కలిసి ఉండాలంటే కొన్ని కడుపులో దాచుకోవాలి అనేది ఆ తరం పద్ధతి, దాన్ని తప్పు పట్టే వయసు కూడా దాటిపోయింది నాకు. ఇప్పటి పిల్లలు అలా కాదు, నువ్వు చెప్పింది తప్పు లా అని తండ్రి మొహం మీదే అనేస్తారు, మొదట్లో చివుక్కుమనేది. ఇప్పుడు అదే నయమనిపిస్తోంది. నాన్న నాకు చెప్పి ఉంటే ఏమయ్యేది? అరిచేవాణ్ణి, రెండు నెలలు బావతో మాట్లాడేవాణ్ణి కాదు, మూడో నెల అక్క కోసం నేనే వెళ్ళేవాణ్ణి. ఆ మాత్రం వెళ్తానని నాన్న నన్ను నమ్మలేదు.