చివరి బల్ల మీది టీచరక్క

మెట్టుగూడలో మా పక్కింటి టీచరక్క పోయింది. మొన్న ఆదివారం పొద్దున వాళ్ళబ్బాయి గోడ మీదుగా పిలిచి, "పిన్నీ, అమ్మ లేవట్లేదు" అన్నాడు. నేను వెళ్ళేసరికే చెయ్యి చల్లబడింది. గుండె జబ్బుందని తెలుసు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకు మాత్రం దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అదింకా పోలేదు.

ఆమెది గుంటూరు వైపు. పెళ్ళయి రైల్వే క్వార్టరుకి వచ్చి, బడిలో టీచరుగా చేరి, ముగ్గురు పిల్లల్ని కని ఇక్కడిదే అయిపోయింది. బతుకమ్మకి మాకు పూలు తెచ్చిచ్చేది, క్రిస్మస్‌కి మమ్మల్ని చర్చికి లాక్కెళ్ళేది. కొత్తలో పాటల బృందంలో ముందు వరసలో నిలబడి పాడేది. ఆ గొంతు విని మా ఆయన కూడా నోరెళ్ళబెట్టాడు.

మూడో కాన్పుకి తోడొచ్చిన వాళ్ళమ్మ జబ్బుపడి ఊరెళ్ళిపోయింది. పచ్చి బాలింతరాలు వీధి కుళాయి నుంచి బిందెలు మోసింది. "గా బిందె నాకియ్యక్కా, ఒళ్ళింకా పచ్చిగుంది" అంటే, "బిడ్డ బాగుందిగా, నాకేం చెల్లీ" అంది. జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా ఆమె నోట అదే మాట, "నాకేం."

ఆ తర్వాత పాట మానేసింది. చర్చిలో తలుపు పక్కన చివరి బల్ల మీద కూర్చునేది. ముందుకు రమ్మంటే ఇక్కడ గాలి బాగుందనేది. ఊరెళ్ళాలంటే ముందురోజు నుంచే మంచినీళ్ళు ముట్టేది కాదు. పడీపడీ నవ్వే మనిషి పెదవి బిగించి నవ్వడం నేర్చుకుంది. మేమంతా దానికి అణకువ అని పేరు పెట్టి, మా కోడళ్ళకి కూడా ఆమెనే చూపించాం.

రిటైరయ్యాక ఒకరోజు రెజిమెంటల్ బజార్‌లో బట్టల కొట్టు మెట్టు మీద కూలబడి, అసలు సంగతి నా చెవిలో చెప్పింది. అక్కడికక్కడే ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను.

"గర్భసంచి కిందికి జారిందమ్మా. మూత్రం ఆగకపోవుడు సుత దాంతోనే" అంది డాక్టరమ్మ. "ఇన్నేండ్లు ఎట్ల ఓర్చుకున్నరు? అప్పుడే వస్తే నయం చేసెటోళ్ళం. ఇప్పుడు మీ గుండె ఆపరేషన్‌కి తట్టుకోదు."

"పిల్లల్ని కన్నాక ఆడవాళ్ళందరికీ ఇంతేననుకున్నానండీ" అంది అక్క.

జారకుండా ఆపడానికి లోపల ఒక రింగు పెట్టి పంపారు. దాంతో కొంత సుఖపడింది కానీ, పోయిన ఏళ్ళు ఎవరు తెచ్చిస్తారు? దారిలో నా చెయ్యి పట్టుకుని, "పిల్లలకి చెప్పకే. మమ్మల్ని కన్నందుకే ఇలా అయిందని నొచ్చుకుంటారు" అంది. సరేనన్నాను.

భూస్థాపన నాడు పాస్టరుగారు, "చివరి బల్లను కోరుకున్న తగ్గింపు గల తల్లి" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు లేచి అరవాలనిపించింది. అయ్యా, ఆమె దాన్ని కోరుకోలేదు, బాత్రూమ్‌కి దగ్గరని కూర్చుంది.

మర్నాడు వాళ్ళ కూతురు వంటింట్లో తాలింపు వేస్తోంది. మిరపకాయల ఘాటుకి దగ్గొచ్చింది. గట్టు పట్టుకుని బిగుసుకుపోయి, తర్వాత చప్పుడు చేయకుండా వెళ్ళి చీర మార్చుకొచ్చింది.

"ఏందమ్మా, ఎప్పటి సంది?" అన్నాను.

"చిన్నది పుట్టినప్పటి నుంచి పిన్నీ. అప్పుడే అమ్మనడిగా. అందరికీ ఉండేదేలే అంది."

ఆ చిన్నది ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. అక్కకిచ్చిన మాట ఆ పొయ్యి దగ్గరే తప్పాను. అంతా చెప్పాను. ఆ పిల్ల స్టవ్ ఆపి, "డాక్టరు చెప్పాకైనా అమ్మ నాకు చెప్పొచ్చుగా పిన్నీ" అంది. పిల్లలు బాధపడకూడదని నోరు నొక్కుకుంది పిచ్చితల్లి, ఎప్పుడో కూతురు అడిగిన ఆ బాధ ఇంకా పిల్ల ఒంట్లోనే ఉందని ఎరగదు.

"రేపు పొద్దుగాల నాతోని డాక్టరమ్మ దగ్గరికి వస్తున్నవ్, నాకేం అన్నవంటే మంచిగుండదు" అన్నాను.

పొద్దున ఇద్దరం ఆటో ఎక్కాం. రోడ్డంతా గుంతలే. ఆటో ఎగిరిపడ్డప్పుడల్లా ఆ పిల్ల కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, నా వైపు చూడకుండా బయటికి చూస్తూ కూర్చుంది.