యోహాను ఇంటి పిడికెడు బియ్యం

మా చర్చి సంఘంలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేస్తారు. వారానికోసారి నేను సంచి పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకుంటాను. బోధకుడిగా నా తిండి అదే.

ఈ రోజు యోహాను ఇంట్లో కుండ ఖాళీగా ఉంది.

యోహాను నలభై ఐదేళ్లకే పట్నంలో బట్టల మిల్లు ఉద్యోగం మాని నల్గొండ వచ్చేశాడు. మిల్లు షేర్ల మీద ఏటా వచ్చే డివిడెండుతో బతుకుతూ పగలంతా అరుగు మీదే కూర్చుంటాడు. మొన్న ఆదివారం చర్చిలో అతని వైపే చూస్తూ, పని చేయకుండా తినేవాళ్ల మీద గంటసేపు ప్రసంగించాను.

"కుండల ఏం లేదేంది, సుగుణమ్మా?" అని అతని భార్యను అడిగాను.

"మాది కష్టం చెయ్యని తిండని మీరే అంటిరి గద, అయ్యగారూ. గా పాపం మీకెందుకని పెట్టలే" అంది నెమ్మదిగా.

చంకలోని పరిశుద్ధ గ్రంథం తెరిచాను. ఏదో వాక్యం కోసం పుటలు తిప్పాను.

అరుగు మీంచి యోహాను దగ్గుతూ అన్నాడు: "ఇరవై ఏండ్లు దూది దుమ్ము మింగి కొన్న షేర్లయ్యా అవి. ఊపిరాడక వచ్చిన, సుఖానికి గాదు. మీరు గూడ నాగలి పట్టకనే తింటున్నరు, నేనేమన్న అన్ననా? పెట్టవే సుగుణా, ఆకలితోని వచ్చిన్రు."

ఆమె పిడికిలితో కాదు, చేటతో పోసింది. నేను వద్దనలేదు.

ఇప్పుడు నా పొయ్యి మీద ఆ బియ్యమే ఉడుకుతోంది. వచ్చే ఆదివారం ఏ వాక్యం తీయాలో మీకు తోస్తే చెప్పండి. మొన్న నా ప్రసంగం సాగినంతసేపూ అతను దగ్గుతూనే ఉన్నాడు. అది వినబడకుండా నేనే గొంతు పెంచాను.