ఓనరు కుక్కకు పడని మందు

కుక్కలకు స్నానం చేయించే ఆ కొట్లో పనిచేసే ఆవిడని అందరూ స్నానాలక్క అనేవారు. ఎంత కరిచే కుక్కైనా ఆవిడ చెయ్యి పడితే నోరుమూసుకుని తొట్లోకి దిగేది. తొట్టి నిండా పేలమందు కలిపిన నీళ్ళు. ఒక్క మూత మందు పోస్తే నీళ్ళు తెల్లబడి కొట్టంతా ఘాటెక్కిపోయేది. గ్లౌజులు వేసుకుంటే కుక్కలు బెదురుతున్నాయని ఆవిడ ఉత్త చేతులే మోచేతుల దాకా ముంచేది. ఓనరు చూసి మురిసిపోయేవాడే గాని ఒక్కనాడూ వద్దనలేదు. పైగా ఎవరైనా అడిగితే, మా నాన్న కాలం నాటి మందండీ, పేలు చస్తాయంతే, ఇంకెవరికీ ఏమీ కాదు అనేవాడు. ఏమీ కాదట! ఎందుకవుతుంది, ముంచేది వాడి చేతులా? ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఇంట్లో ఆవిడకున్న తోడల్లా ఒక పిల్లి, దొరసాని. పేరుకు తగ్గట్టే దానికన్నీ టెక్కులు. అయినా సాయంత్రం ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే ఒళ్ళోకెక్కి, ఆ చేతులు రెండూ నాకి నాకి పెట్టేది. కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత ప్రేమ చూపించరని పొంగిపోయేది పిచ్చితల్లి.

ఒక పొద్దున చూస్తే దొరసాని నోట్లోంచి చొంగ కారుతోంది. కాళ్ళు నిలవడం లేదు, ఒళ్ళంతా ఒకటే వణుకు. కొంగులో చుట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. పిల్లికి పేలమందేమైనా రాశారా అని డాక్టరమ్మ అడిగితే, దానికసలు పేలే లేవమ్మా అని ఏడ్చింది. డాక్టరమ్మ సూది వేసి, ఏదో అనుమానం వచ్చి ఆవిడ జాకెట్టు చేతిని వాసన చూసింది.

“మీ చేతుల మీది మందే దీని కడుపులోకి పోయింది. ఇది బతుకుతుంది లెండి. మీ చేతులు ఎప్పట్నించి వణుకుతున్నాయమ్మా?”

వయసు మీద పడిందిలే అనుకుంటోంది ఆవిడ ఇన్నాళ్ళూ. పేను నరాలను దెబ్బతీసే ఆ పాత మందుకి పిల్లి, మనిషి అనే తేడా ఉండదని, దానికంటే భద్రమైనవి వచ్చి చాలా కాలమైందని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. దొరసానిని అక్కడే ఉంచి తిన్నగా కొట్టుకి వచ్చింది. ఓనరు తన కుక్కను ఒళ్ళో పెట్టుకుని, సన్నపళ్ళ దువ్వెనతో ఓపిగ్గా పేలు దువ్వుతున్నాడు. రోజూ చూసేదే. ఇవాళ చూస్తే ఒళ్ళు మండిపోయింది.

“దీన్ని ఒక్కసారైనా నా తొట్లో ముంచనివ్వలేదేం?” అని అడిగింది.

“ముసలిది కదక్కా, ఆ మందు తట్టుకోలేదు,” అన్నాడు దువ్వుతూనే. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

వంతు కోసం కూర్చున్న ఒకావిడ తన కుక్కపిల్లను చంకనేసుకుని లేచింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ లేచారు. అందరి ముందూ ఇలా పరువు తీస్తావా, లోపలికి రా మాట్లాడుకుందాం అని ఓనరు గొంతు తగ్గించి బతిమాలాడు.

స్నానాలక్క కదల్లేదు. రెండు చేతులూ అతని ముక్కు ముందుకి చాపింది. అవి ఆగకుండా వణుకుతూనే ఉన్నాయి.

“ఇక్కడే మాట్లాడండి. ముందు వీటిని ఆపండి.”