బద్రుద్దీన్ సాబ్ ట్రయల్

బద్రుద్దీన్ సాబ్ తాను వాడి చూడని వస్తువును ఇంకొకరికి ఇవ్వడు. వస్తువులంటే పెన్నులూ గొడుగులూ కావు. నారాయణగూడలో ముస్లిం పెద్దలు నడిపే ఖిద్మత్ కమిటీకి ఆయన కార్యదర్శి. చక్రాల కుర్చీలు, చంకకర్రలు, రోగుల మంచాలు ఏ మతంవాళ్లు అడిగినా ఉచితంగా ఇస్తారు. కానీ ముందు సాబ్ ట్రయల్ చెయ్యాలి.

చంకకర్రలతో ఒకసారి చిక్కడపల్లి లైబ్రరీ మెట్లెక్కాడు. ఉద్యోగ ప్రకటనలు చదివి లోకాన్ని తిట్టుకుంటూ నేను అక్కడే ఉన్నాను. ఒక ముసలమ్మ జాలిపడి ఆయన చేతిలో రూపాయి పెట్టింది.

"నా కాళ్లు మంచిగనే ఉన్నయమ్మా!" అని కర్రలు రెండూ పైకెత్తి చూపించాడు.

"ఓరి నీ మోసం పాడుగాను!" అని ఆమె రూపాయి లాక్కుంది.

ఇంకోసారి రోగి మంచం పరీక్షిస్తూ నిద్రపోయాడు. తీసుకుపోవడానికి వచ్చిన కనకయ్యకు లేపడానికి మొహమాటం. సాబ్‌తో సహా మంచాన్ని ట్రాలీ ఎక్కించాడు. సాబ్ కాచిగూడలో కళ్లు తెరిచి, "మంచం పాస్" అన్నాడు.

ఆ ఏడాదే షుగరు వల్ల మా నాయన కాలు తీసేశారు. నాలుగు నెలలు గడప దాటలేదు. "గల్లీ అంత చూసి నవ్వుతది. నేను రాను" అంటాడు. అన్నం కూడా తగ్గిపోయింది. ఇట్లా గోడలు చూస్తూ కూర్చుంటే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు.

కమిటీకి పోయి సంగతంతా చెప్పి, చక్రాల కుర్చీ అడిగాను.

"ట్రయల్ కావాలె బేటా."

"కుర్చీకి ట్రయలేంది సాబ్? కూసునుడే గద!"

"బుక్కులు సదివినవ్. కుర్చీ సదివినవా?"

అశోక్‌నగర్‌లో మా గల్లీలోనే మొదలైంది ట్రయల్. రోజూ సాయంత్రం సాబ్ కుర్చీలో కూర్చుని ఈ కొసనుంచి ఆ కొసకు. మొదటిరోజు జనం మేడలెక్కి చూశారు. పిల్లలు వెంటపడ్డారు, కుక్కలు వెంటపడ్డాయి. ఇస్త్రీ మాసయ్య "సాబ్, లైసెన్సున్నదా?" అని అరిచాడు. మూడోరోజు సాబ్ కుర్చీతో సహా మురుగు మోరీలో పడ్డాడు. నాయన ఇదంతా కిటికీలోంచి చూస్తున్నాడు. ఇక ఈ జన్మలో బయటికి రాడనుకున్నాను.

ఇరవై రోజులకు నా ఓపిక చచ్చింది. "మా నాయన పోయినంక ఇస్తరా?"

"గుస్సా గాకు. ఇంక ఒక్క కుక్క మొరుగుతున్నది."

పిచ్చి ముదిరిందనుకున్నాను. వారం తర్వాత కుర్చీ తోసుకుంటూ ఇంటికే వచ్చాడు. "పాస్!"

"గల్లీ నవ్వుతది సాబ్" అన్నాడు నాయన.

"నవ్వుడు అయిపోయింది భాయ్. నెల రోజులు నన్ను చూసి నవ్విన్రు. ఇంక వాళ్ల దగ్గర స్టాకు లేదు."

నాయన నమ్మలేదు, కానీ కూర్చున్నాడు. నేను తోశాను. మాసయ్య ఇస్త్రీ మీదనుంచి తల ఎత్తలేదు. నల్లా దగ్గర ఆడవాళ్లు పోట్లాట ఆపలేదు. మేడల మీద బట్టలు తప్ప ఎవరూ లేరు. గల్లీ చివరకొచ్చాక నాయన మొహం ఎర్రగా చేసుకుని నా వైపు తిరిగాడు.

"ఏందిరా, నాలుగు నెలలకు బయటికొస్తే ఒక్కడు గూడ చూస్తలేడు? వీళ్లకు మర్యాద లేదు. నలుగురుండే సుల్తాన్ బజార్ దిక్కు తోయ్!"