ఎండలో చూసి కొన్న లెన్స్

మా మనవరాలు నాటకాల హాల్లో ఫోటోలు తీస్తుంది. పాత లెన్స్ పాడైతే ఇంకోటి కొనడానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళింది. కొట్టువాడు ఒకే ధరలో రెండు చూపించాడు. ఒకటి ఎవరో వాడినది, దూరంగా ఉన్నవాటిని అంత దగ్గరికి లాగకపోయినా చీకట్లో బొమ్మ పట్టుకుంటుంది. రెండోది కొత్తది, ఎంతో దూరంలోవి కూడా దగ్గరికి లాగుతుంది గానీ లాగేకొద్దీ వెలుతురు చాలదు. మనవరాలు ఆ కొత్తదాంతో గుమ్మంలో నిలబడి, ఎండలో వీధి చివరి బోర్డుని ఫోటో తీసి మురిసిపోయింది.

“దీపం కొనేవాళ్ళు ఎండలో వెలిగించి చూస్తారటే? చీకటి గదిలో చూడు,” అన్నాను.

“నీకేం తెలుసు అమ్మమ్మా, ఊరుకో! హాల్లో వెనక గోడ దగ్గర్నుంచి మొహాలు కనబడాలి,” అని కొత్తదే కొంది.

ఆ సాయంత్రం ఆటలో ఒక పిల్ల ఎత్తున ఒక ఉయ్యాల వదిలి ఇంకోటి అందుకోవాలి. ఆ ఫోటో కుదిరితే ఏడాదంతా పనిస్తానన్నాడు హాలు మేనేజరు. ఫ్లాష్ మాత్రం వద్దన్నాడు, ఆ పిల్లకి కళ్ళు బైర్లు కమ్ముతాయని.

వెనక గోడ దగ్గర నేనూ దాని పక్కనే నిలబడ్డాను. లైట్లు తగ్గాయి. తీసిన ప్రతి ఫోటోలో మొహాలు అలుక్కుపోయాయి. పైన ఉయ్యాల ఊగడం మొదలైంది. మనవరాలు చప్పుడు కాకుండా సంచిలోంచి ఫ్లాష్ తీసి బిగించింది.

“ఒసేయ్, కొంప ముంచుతావా?” అని మణికట్టు పట్టుకున్నాను.

“ఒక్కటే అమ్మమ్మా, వదులు.”

“చెయ్యి విరిచేస్తాను గానీ వదలను.”

పైన ఆ పిల్ల తాళ్ళు వదిలేసింది. ఇది మీట నొక్కేసింది. నేను ఫ్లాష్‌ని అరచేత్తో అదిమేశాను. వేళ్ళ సందుల్లో ఎర్రగా మెరిసింది. చప్పట్లు వినబడేదాకా నాకు తల ఎత్తే ధైర్యం లేకపోయింది.

ఫోటో రాలేదు, పని పోయింది. మనవరాలు నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు.