మేడం పేరు మీద వేసిన తాళం

మా డైరెక్టర్ మేడం పోయారని తార్నాక ఆఫీసుకు పొద్దున్నే ఫోనొచ్చింది. రిసీవర్ పెట్టి కళ్లు తుడుచుకునేలోపే పక్క టేబుల్ దగ్గర ఒకాయన, "ఇగ ఆ కుర్చీ ఎవలకిస్తరో" అన్నాడు. ఛీ! ఇంకా శవం ఇంటికి కూడా చేరలేదు.

బస్తీల్లో పనిచేసే మా సంస్థను నడిపింది ఆమే. యూనివర్సిటీ క్యాంపస్‌లో, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు గదీ కరెంటూ ఇచ్చి దారి చూపే కేంద్రానికి పెద్ద కూడా ఆమే. అక్కడ కంప్యూటర్ల కుర్రాళ్ల గదుల పక్కనే మాణికేశ్వర్ నగర్ బస్తీ ఆడవాళ్ల చేత కారం గిర్ని, అంటే మిరపకాయలు పట్టే మర, పెట్టించారు. అది కొందరికి కంట్లో నలుసైంది.

"యూనివర్సిటీల గిర్ని ఏంది మేడం? ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు?" అన్నాడొక ప్రొఫెసర్ నా ముందే.

"ఏం సార్, మీ ఇంట్ల కూరలకు కారం ఎయ్యరా?" అన్నారు మేడం.

ఆ ఆడవాళ్లను ఎవరైనా లబ్ధిదారులంటే ఆమెకు ఒళ్లు మండేది. "కిరాయికున్నరు. మనం ఇంటి ఓనర్లం, గంతే" అనేవారు. పెద్దమనుషులొస్తే వాళ్లచేత స్వాగతగీతం పాడించడం, హారతిపళ్లేలు పట్టించడం ఆమె దగ్గర నడవలేదు. ఒకసారి ఒక అతిథి గిర్ని ముందు ఫొటో కావాలని ముచ్చటపడ్డాడు. "పని నడుస్తున్నది సార్. కూసోరి, తొడిమెలు తీసుకుంట ముచ్చట చెప్పురి" అని పీట జరిపారు. ఆయన వాచీ చూసుకుని కారెక్కాడు. ఆ పీట మీద మేడమే కూర్చున్నారు.

ఆమె చీరెకు ఎప్పుడూ కారం అంటుకుని ఉండేది. సాయంత్రం బస్సులో పక్కవాళ్లు వరసగా తుమ్ముతుంటే తనకేమీ తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూసేవారు. నాకు నవ్వాగేది కాదు. నలుగురి పక్కన నేలమీద కూర్చుని వినడం నాకు నేర్పింది ఆమే. ఆ రుణం తీరేది కాదు.

ఆమె పోయిన రోజు సంతాపసూచకంగా కేంద్రం మొత్తానికి తాళాలు వేశారు. సరే, మర్యాద. మర్నాడు అన్ని గదులూ తెరిచారు, గిర్ని గది తప్ప. గిర్ని పెద్ద మరియమ్మ వెళ్లి అడిగితే, అప్పటికే ఇన్‌చార్జి అయి కూర్చున్న ఆ ప్రొఫెసరే బయటికొచ్చి, "మేడం జ్ఞాపకార్థం కొన్నాళ్లు మూసే ఉంచుదాం, అమ్మా" అన్నాడట. జ్ఞాపకార్థం! ఎండబెట్టిన మిరపకాయలు బస్తీలో మూటలు కట్టి ఉన్నాయి. వానొస్తే అన్నీ బూజు పడతాయి.

సంతాపసభకు అందరం వెళ్లాం. ఆమె బతికుండగా ఆ గిర్నిని వెళ్లగొట్టాలని తిరిగినవాళ్లే ఫొటోకు దండలేశారు. పేదల పెన్నిధి అన్నాడు ఇన్‌చార్జి. ఆ మాట ఆమె విని ఉంటే చెప్పు తీసేవారు. నాకు ఆ సభలో కూర్చోబుద్ధి కాలేదు.

చివరికి, బస్తీ తరఫున రెండు ముక్కలు చెప్పమని మరియమ్మను పిలిచారు. ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మైకు దగ్గరికొచ్చింది.

"మేడం గురించి మీరు చెప్పిన్రు. నేనేం చెప్తా. తాళం తియ్యిరి."

ముందు వరసవాళ్లు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు. "సంతోషం అమ్మా, కూర్చోండి" అన్నాడు ఇన్‌చార్జి. ఆమె దిగలేదు. వెనక వరసల్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. చప్పట్లు ఆగిపోయాయి. మరియమ్మ ఆయన వైపు తిరిగి, తాళంచెవి కోసం చెయ్యి చాపి అలాగే నిలబడింది.